డెస్కులో స్కేలు

పత్రికలో జిల్లా పేజీల డెస్కులో పనిచేసినవాళ్లెవరికైనా ఆ స్టీలు స్కేలు గుర్తుండే ఉంటుంది. మామూలు రోజుల్లో డమ్మీ (పేజీ నమూనా) గీసుకోవడానికి, ఫ్యాను గాలికి ప్రెస్ నోట్లు ఎగిరిపోకుండా బరువు పెట్టడానికి పనికొచ్చేది. ఎన్నికల షెడ్యూలు వచ్చిందంటే దాని ఉద్యోగం మారిపోయేది. పొద్దున్నే వచ్చిన పేపరు బల్ల మీద పరిచి, ఏ పార్టీ వార్త ఎంత జాగా తిన్నదో కొలిచి, పొడుగాటి రూళ్ల పుస్తకంలో ఎక్కించాలి. మూడు కాలమ్‌ల వెడల్పు, 12 సెంటీమీటర్ల ఎత్తు అంటే 36 కాలమ్ సెంటీమీటర్లు. హెడ్డింగు కూడా అందులోనే. ఫొటోకి వేరే గడి. పేజీ పై సగంలో పడితే అంకె పక్కన ఒక చుక్క, లీడ్ (పేజీలో ప్రధాన వార్త) అయితే రెండు చుక్కలు. పార్టీలకి జాగా సమానంగా వచ్చిందా లేదా అని శనివారం రాత్రి కూడిక.

1989లో ఈనాడు జిల్లా మినీ ఎడిషన్లు మొదలుపెట్టాక మిగతా పేపర్లూ ఆ దారే పట్టాయి. దాంతో అంతకుముందు రాష్ట్ర పేజీలో రెండు లైన్లు కూడా దొరకని మండల నాయకుడికి రోజూ ఫొటోతో సహా చోటు దొరకడం మొదలైంది. చోటుంటే పోటీ ఉంటుంది, పోటీ ఉంటే లెక్క అడుగుతారు. ఈ పుస్తకాలు అలా పుట్టినవే. పాతవి తిరగేస్తే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పుడు లేని నియోజకవర్గాల పేర్లు కనిపిస్తాయి: హరిశ్చంద్రపురం, ఉణుకూరు, కొత్తూరు, సతివాడ, తెర్లాం, ఉత్తరాపల్లి, నాగూరు. పునర్విభజనతో 2009 ఎన్నికల నాటికి అవన్నీ మాయమయ్యాయి.

కూడిక ఎప్పుడూ సరిపోయేది కాదు. చాలాసార్లు దానికి ఎవరి పక్షపాతమూ కారణం కాదు, ఆర్టీసీ బస్సు కారణం. శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం 130 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం విలేకరి రాసిన వార్త కవర్లో పెట్టి, పైన ‘ప్రెస్ - అర్జంట్’ అని రాసి, మధ్యాహ్నం బస్సు డ్రైవరు చేతికివ్వాలి. సాయంత్రం ఆరింటికి అక్కడ సభ జరిగితే ఆ వార్త మర్నాటి బస్సెక్కి, ఎల్లుండి పేపర్లో పడుతుంది. సీతంపేట, భామిని, గుమ్మలక్ష్మీపురం వైపు పరిస్థితి ఇంకా అన్యాయం. అదే జిల్లా కేంద్రంలో ఇల్లున్న నాయకుడు సాయంత్రం నాలుగింటికి ప్రెస్ మీట్ పెడితే చాలు, రోజూ డబుల్ కాలమ్ ఖాయం. ఏజెన్సీ గూడేల్లో కాలినడకన తిరిగే అభ్యర్థికి వారానికి 20 సెంటీమీటర్లు, పట్నంలో కూర్చున్నాయనకి 200. విరుగుడుగా దూరపు మండలాలకి రోజూ కొంత జాగా ముందే పక్కన పెట్టి, ‘సోమవారం సాయంత్రం’ అని రోజు వేసి మరీ పాత సభ వార్త వాడేవారు. పాతబడిన వార్త ఎందుకని పేజీ పెట్టేవాళ్ల సణుగుడు ఉండనే ఉండేది. ఫ్యాక్సులు, ఆ తర్వాత సెల్‌ఫోన్లు వచ్చి ఈ బాధ తీరింది. పట్నం ప్రెస్ మీట్ల మోజు మాత్రం తీరలేదు.

విచిత్రం ఏమిటంటే, లెక్క చక్కగా సరిపోయిన వారం కూడా రెండు పార్టీల ఆఫీసుల నుంచీ ఫోన్లు వచ్చేవి. పక్షపాతం చూపించారని. స్కేలు తీసుకెళ్లి చూపించినా ఒప్పుకునేవారు కాదు. చాలాసార్లు వాళ్లదే నిజం కూడాను. తేడా జాగాలో లేదు, క్రియాపదంలో ఉంది.

అన్నారు, చెప్పారు, తెలిపారు. ఈ మూడింటికీ రంగు లేదు. ‘స్పష్టం చేశారు’ అని రాస్తే, అప్పటిదాకా మసగ్గా ఉన్న నిజాన్ని ఆయన తేటపరిచాడని పత్రికే ఒప్పుకున్నట్టు. ‘వెల్లడించారు’ అంటే దాచిన నిజం బయటపెట్టినట్టు. ఒకాయన ‘వివరించారు’, ఇంకొకాయన ‘సమర్థించుకున్నారు’ అని పడిందంటే రెండో ఆయన తప్పు చేశాడని తీర్పు రాసేసినట్టే. ‘కొట్టిపారేశారు’ అనేది మరీ మోసకారి. ఆరోపణలో పస లేదని చెప్పకుండా చెప్పేస్తుంది. ఇక నిప్పులు చెరిగారు, విరుచుకుపడ్డారు, దుయ్యబట్టారు, ధ్వజమెత్తారు. ఈ బాపతు మాటలన్నీ ఉన్న వార్త పంపిన విలేకరిని ‘అంత గట్టిగా అరిచారేటి?’ అని అడిగితే, ‘లేదండీ, టీ తాగుతూ నెమ్మదిగానే చెప్పారు’ అనేవాడు. నిప్పులు హెడ్డింగు కోసం పుట్టేవి.

దీనికి డెస్కులో ఒక పాత పరీక్ష ఉండేది. వార్తలో క్రియలన్నిటి కిందా ఎర్రపెన్నుతో గీత గీసి, పార్టీల పేర్లు తారుమారు చేసి చదవాలి. అధికార పార్టీ చోట ప్రతిపక్షం, ప్రతిపక్షం చోట అధికార పార్టీ. ఎక్కడ చెవికి ఎబ్బెట్టుగా తగిలితే అక్కడ మాట మార్చాలి. రెండు నిమిషాల పని. ఒక ఉదాహరణ: ‘తాగునీటి పథకం ఆగిపోయిందన్న విమర్శలను ఎమ్మెల్యే కొట్టిపారేశారు’. దీన్ని ‘పథకం ఆగలేదని ఎమ్మెల్యే అన్నారు’ అని దిద్దితే సగం పనే అయినట్టు. ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ఏఈకి ఫోన్ చేసి పైపులైను ఏ ఊరి దాకా వచ్చిందో, ఎప్పటి నుంచి పని జరగడం లేదో ఒక్క వాక్యం చేర్చాలి. అది లేకుండా రెండు పక్షాల మాటలూ పక్కపక్కన పెట్టి సమానం అనుకోవడం బద్ధకానికి మర్యాదైన పేరు.

తెలుగులో ఇంకో చిక్కుంది, అది క్రియ తోకలో దాక్కుంటుంది. ఎమ్మెల్యే ‘చెప్పారు’, ఎంపీడీవో ‘చెప్పారు’, ఉపాధి కూలీ ‘చెప్పాడు’. మహిళా ఎమ్మెల్యే ‘అన్నారు’, గిరిజన మహిళా సర్పంచ్ ‘అంది’. కావాలని రాసేది కాదు, చెయ్యి అలా అలవాటు పడిపోయింది. రాజకీయ గొడవల వార్తల్లో దీని నష్టం బాగా కనిపించేది. రెండు వర్గాలు కొట్టుకుంటే ఆ వార్త రాజకీయ పేజీలో పడితే కార్యకర్తలు ‘గాయపడ్డారు’. అదే గొడవ క్రైమ్ వార్తగా పోలీస్ స్టేషన్ నుంచి వస్తే అదే మనిషి ‘దాడి చేశాడు’, ‘పరారయ్యాడు’. ఎవరి వార్త ఏ దారిన డెస్కుకి చేరిందో దాన్నిబట్టి గౌరవం. పెద్దమనిషి ఎవరో, పేదవాడు ఎవరో చూడకుండా పెద్దవాళ్లందరికీ ‘రు’ అనే నియమం పెట్టుకున్న డెస్కులున్నాయి. నిందితులకి కూడానా అని క్రైమ్ చూసేవాళ్లు గొడవపడేవారు. కోర్టు తేల్చేదాకా కూడానే అన్నది సరైన జవాబని ఇప్పటికీ అనిపిస్తుంది.

యాస మాట కూడా చెప్పుకోవాలి. ‘ఏటి బాబూ, ఓట్లప్పుడే అగుపిస్తారేటి’ అని పల్లె ముసలమ్మ అన్నది అన్నట్టు వేస్తే పేజీకి ప్రాణం వస్తుంది. అదే సూత్రం నాయకుల దగ్గర బెడిసికొడుతుంది. సిక్కోలు (శ్రీకాకుళం), ఇజీనారం (విజయనగరం) నాయకులు ఇద్దరూ వేదిక మీద మన యాసలోనే మాట్లాడతారు. ఒకరి మాటని ‘సేత్తాం, సూత్తాం’ అని ఉన్నదున్నట్టు దించి, రెండో ఆయనది పుస్తకాల తెలుగులోకి మార్చి వేస్తే మొదటాయన హాస్యగాడు, రెండో ఆయన మేధావి. ఇస్తే ఇద్దరికీ యాస ఇవ్వాలి, లేదంటే ఇద్దరికీ తీసెయ్యాలి.

సభలో జనం లెక్క మరో తలనొప్పి. పార్టీవాళ్లు 30 వేలంటారు, పోలీసులు 5 వేలంటారు. మధ్యస్తంగా 15 వేలని రాసేసి దాన్ని సమతూకం అనుకునేవారూ ఉన్నారు. రెండు తప్పుల మధ్యన ఉన్నంత మాత్రాన అది ఒప్పవదు. అమెరికాలో బెర్క్‌లీలో పాఠాలు చెప్పిన పాత్రికేయుడు హెర్బర్ట్ జేకబ్స్ 1960లలో ఒక లెక్క చెప్పాడు: పల్చగా నిలబడ్డ జనంలో మనిషికి 10 చదరపు అడుగులు, ఒత్తుగా ఉంటే నాలుగున్నర. విజయనగరం అయోధ్య మైదానమైనా, ఇంకే ఊరి హైస్కూలు గ్రౌండైనా ఇదే. జనం నిండిన మేర 200 అడుగుల పొడవు, 150 అడుగుల వెడల్పు ఉందనుకుంటే 30 వేల చదరపు అడుగులు. పల్చగా ఉంటే 3 వేలమంది, కిక్కిరిసి ఉంటే 6,600 పైచిలుకు. ముప్ఫై వేలకి అక్కడ గాలి కూడా చొరబడదు. వేదిక ముందు ఒత్తుగా, వెనక్కి పోయేకొద్దీ పల్చగా ఉంటారు కాబట్టి మైదానాన్ని మూడు ముక్కలుగా కొలవాలి. కుర్చీలు వేసిన సభైతే ఇంకా సుళువు, షామియానా వాళ్లని అడిగితే ఎన్ని కుర్చీలు దింపారో చెప్పేస్తారు. ఊరేగింపుల్లోనే మోసపోతాం. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో లెక్కపెట్టిన జనాన్నే డే అండ్ నైట్ జంక్షన్‌లో మళ్లీ లెక్కపెడతాం. ఒకచోట నిలబడి, నిమిషానికి ఎన్ని వరుసలు దాటుతున్నాయో, వరుసకి ఎంతమందో చూసుకోవాలి తప్ప వెంట నడవకూడదు.

ఫొటోగ్రాఫరు ఎక్కడ నిలబడ్డాడన్నదీ అంతే. సందు చివర మోకాళ్ల మీద కూర్చుని తీస్తే 200 మంది సముద్రంలా కనిపిస్తారు. మేడ మీద నుంచి తీస్తే 2 వేలమంది మధ్య కూడా ఖాళీలు బయటపడతాయి. ఖాళీ కుర్చీల ఫొటో అయితే ఎవరికి కావాలంటే వారికి దొరుకుతుంది. సభ నాలుగింటికి అంటారు, నాయకుడు ఏడింటికి వస్తాడు, నాలుగున్నరకి తీస్తే కుర్చీలన్నీ ఖాళీయే. ముఖ్య నాయకుడు మాట్లాడుతున్నప్పుడు తీసిందే వాడాలని, రెండు పార్టీల సభలూ ఒకే ఎత్తు నుంచి తీయాలని కట్టడి చేస్తే తప్ప ఈ పేచీ తీరేది కాదు.

చేరికల వార్తలు ఇంకో బాపతు. ‘200 కుటుంబాలు పార్టీలో చేరిక’ అని ప్రెస్ నోటు, కండువాలతో ఫొటో. ఫొటోలో తలలు లెక్కపెడితే పద్దెనిమిది. ఊళ్లో మొత్తం గడపలే 160. పది రోజులాగితే అదే ముఖాలు వేరే రంగు కండువాల్లో, ‘సొంతగూటికి’ అన్న హెడ్డింగుతో. ఒకరికి ‘వలసలు’, మరొకరికి ‘చేరికలు’, ఇంకొకరికి ‘గోడ దూకుడు’ అని మాట మార్చడం దీనికి తోడు. కుటుంబ పెద్దల పేర్లు కనీసం పదైనా రాసిస్తేనే అంకె వేస్తామని, లేకపోతే ‘కొందరు’ అనే వేస్తామని చెప్పిన రోజు నుంచి అంకెలు వాటంతటవే తగ్గేవి.

ఆరోపణ వార్తకి రెండో పక్షం వివరణ అదే రోజు, అదే వార్తలో ఉండాలి. చెప్పడం తేలిక. ఆరోపణ ఈరోజు లీడ్‌గా, ఖండన ఎల్లుండి లోపలి పేజీలో సింగిల్ కాలమ్‌గా పడితే పుస్తకంలో చెరో వార్త కింద లెక్క సరిపోతుంది, చదివినవాళ్లకి మొదటిదే గుర్తుంటుంది. ‘వివరణ కోసం ప్రయత్నించగా ఆయన అందుబాటులోకి రాలేదు’ అన్న వాక్యం చాటున చాలా బద్ధకం గడిచిపోయింది. పేజీ వదిలే ముందు రాత్రి పదింటికి ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తే ఎవరు దొరుకుతారు? ఎన్ని గంటలకి, ఎన్నిసార్లు ఫోన్ చేశారో వార్త కాగితం మీద రాయమని డెస్కు అడగడం మొదలుపెడితే విలేకరులు మధ్యాహ్నమే చేసేవారు.

ఆ విలేకరి పరిస్థితి కూడా చెప్పాలి. మండలాల్లో రాసేవాళ్లలో ఎక్కువమందికి జీతాలుండవు. అచ్చయినదాన్ని కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్, తెచ్చిన ప్రకటనల మీద కమీషన్, అంతే. పండక్కీ, నాయకుడి పుట్టినరోజుకీ ఎవరిని ప్రకటన అడగాలో వాళ్ల మీదే రేపు వార్త రాయాలి. లైన్ అకౌంటు కాబట్టి పొడుగ్గా రాస్తే నాలుగు రూపాయలు ఎక్కువ. ఇన్ని ముడులు పెట్టి, మనిషిని తటస్థంగా ఉండమనడం కొంచెం పెద్ద కోరికే. ఈ ముడులే ముదిరి 2009 ఎన్నికల నాటికి డబ్బిచ్చి వార్తలు వేయించుకునే ‘ప్యాకేజీ’ అన్న మాట అందరి నోళ్లలో పడింది. ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం ఈ చెల్లింపు వార్తల మీద 2010లో నివేదిక తయారుచేసింది. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఒకే వార్త అక్షరం పొల్లు పోకుండా రెండు మూడు పేపర్లలో, వేర్వేరు విలేకరుల పేర్లతో. ఫలానా వారి గెలుపు ఖాయమని జోస్యం. ఎదుటి అభ్యర్థి పేరే ఉండదు. జిల్లా ఎన్నికల అధికారి ఆధ్వర్యంలోని మీడియా సర్టిఫికేషన్, మానిటరింగ్ కమిటీ ఇలాంటివి పట్టుకుంటే ఆ జాగా ఖరీదు అభ్యర్థి ఖర్చులో కలుపుతారు. ఉత్తరప్రదేశ్‌లో బిసౌలి ఎమ్మెల్యే మీద 2011 అక్టోబరులో మూడేళ్ల అనర్హత వేటు పడింది ఇలాంటి ఖర్చు చూపించనందుకే.

అన్నిటికన్నా బరువైన పాఠం మాత్రం ఎన్నికల వార్తల్లో రాలేదు, సోంపేటలో వచ్చింది. థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇచ్చిన భూముల్ని సర్కారు కాగితాలు పనికిరాని భూములన్నాయి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బీల అన్నారు. నీరు నిలిచే చిత్తడి నేల అది, చేపలకీ, పొలాలకీ, పశువులకీ అదే ఆధారం. ‘బీడు’ అని రాసినా, ‘బీల’ అని రాసినా విలేకరి అప్పటికే ఒక పక్కన నిలబడ్డట్టే. రెండు మాటలూ వాడి చేతులు దులుపుకుంటే సమానమవుతుందా? కాదు. అక్కడికెళ్లి నేలని చూడొచ్చు, కాళ్లు దిగబడతాయో లేదో తెలుస్తుంది. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పులు జరిగాయి. జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది కూడా అదే రోజు. ఏడాది తిరక్కుండా 2011 ఫిబ్రవరి 28న మరో థర్మల్ కేంద్రం గొడవలో కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు. ‘పోలీసుల కథనం ప్రకారం’ అన్న మూడు మాటలు అటువంటి రోజుల్లో ఎంత అవసరమో అప్పుడు తెలిసింది. ఆ మూడు మాటలూ తీసేస్తే పోలీసు చెప్పింది పత్రిక చెప్పినట్టు అవుతుంది. శ్రీకాకుళం నక్సలైటు పోరాట కాలంలో ఉద్దానం, ఏజెన్సీల్లో ‘ఎదురుకాల్పులు’ అన్న మాట ఎన్నిసార్లు అలా అచ్చయిందో ఈ జిల్లాకి బాగా తెలుసు. సాలూరు కొండల మీద కొటియా గ్రామాల విషయంలోనూ ఇదే. రెండు రాష్ట్రాలూ తమవే అంటున్న ఊళ్లని ‘మన గ్రామాల్లో ఒడిశా అధికారులు’ అని హెడ్డింగు పెట్టేవాళ్లం. ‘మన’ అన్న మాట తీసేసి చదివితే వార్తలో ఏమీ తగ్గదు.

అఫిడవిట్లలో జాగ్రత్తలు వేరు. 2003 నుంచి అభ్యర్థులు ఆస్తులు, కేసులు ప్రకటిస్తున్నారు. ఒకరి భూమికి కొన్న ధర, మరొకరి భూమికి ఇప్పటి మార్కెట్ ధర తీసుకుని పట్టిక వేస్తే కథ తలకిందులవుతుంది. భార్య పేరున ఉన్నవి ఒకరికి కలిపి, ఇంకొకరికి వదిలేయడం మరో పొరపాటు. కేసుల సంఖ్య ఒక్కటే వేస్తే ధర్నాలు చేసే నాయకుడు చెడిపోతాడు. రాస్తారోకోలకి పాత ఐపీసీ కింద పడిన 188, 341 సెక్షన్ల కేసులు ఆయనకి పన్నెండుంటాయి, ఎదుటాయనకి ఒక్కటే, కానీ అది 420, మోసం కేసు. సెక్షను, కేసు ఏ దశలో ఉందీ అందరికీ ఒకే పట్టికలో రావాలి. పేర్ల వరుస కూడా బ్యాలెట్ వరుసే పాటిస్తే పేచీ లేదు.

ఇక కౌంటింగ్ రోజు. ఒక్కో అసెంబ్లీ స్థానానికి మామూలుగా 14 టేబుళ్లు, రౌండుకి 14 పోలింగ్ కేంద్రాలు. 250 కేంద్రాలుంటే 18 రౌండ్లు. కేంద్రాలని వరుస నంబర్ల ప్రకారం లెక్కిస్తారు కాబట్టి మొదటి నాలుగైదు రౌండ్లూ ఒకే మండలం ఓట్లు కావచ్చు. ఆ మండలం ఎవరి కంచుకోటైతే వారికి ‘భారీ ఆధిక్యం’. బోర్డు మీద రౌండు అంకెతో పాటు మండలం పేరు కూడా రాసుకున్న డెస్కు తొందరపడి హెడ్డింగు పెట్టేది కాదు.

ఆ రూళ్ల పుస్తకంలో ఆఖరి గడి ‘ఇతరులు’. నెల రోజుల్లో అది నిండేది రెండు మూడు రోజులే. గుర్తులు కేటాయించిన రోజు పేర్లన్నీ వచ్చేవి, ఫలితాల రోజు డిపాజిట్ పోయినవారి జాబితాలో మళ్లీ వచ్చేవి. చెల్లిన ఓట్లలో ఆరోవంతుకి మించి రాకపోతే డిపాజిట్ గల్లంతు. 2013లో నోటా వచ్చాక కూడా గడులు మారలేదు. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు కలిసిన అరకు లోక్‌సభ స్థానంలో 2019లో నోటాకి 47 వేల పైచిలుకు ఓట్లు పడ్డాయి. ప్రచారం జరిగినన్నాళ్లూ ఆ ఓటర్ల పేరున పుస్తకంలో ఒక్క సెంటీమీటరు కూడా రాసి లేదు.